2019-20 ఎన్‌బీఏ సీజన్: బబుల్‌లో గెలిచిన కప్పుకి స్టార్ గుర్తు పెట్టాలా, వద్దా?

నెట్‌చప్పుడు:
నిన్న వేరే థ్రెడ్‌లో బాస్కెట్‌బాల్ స్టార్ లెబ్రాన్ జేమ్స్ గెలిచిన నాలుగు కప్పుల లెక్క వచ్చినప్పుడు, 2020లో లేకర్స్‌తో గెలిచినది సగమేనని నేను "మూడున్నర" అన్నాను. పదిమంది మీద పడ్డారు. అక్కడ ఆ గొడవెందుకని ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నా. తిట్టాలనుకునేవాళ్లు ముందు పూర్తిగా చదివి తిట్టండి.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆ సీజన్ 2019 అక్టోబర్ 22న మొదలై 2020 అక్టోబర్ 11న ముగిసింది. మధ్యలో కోవిడ్ వల్ల 141 రోజులు బంతి కదల్లేదు. 82 మ్యాచ్‌లు ఆడిన జట్టు ఒక్కటీ లేదు, కప్పు గెలిచిన లేకర్స్ ఆడింది 71. చివరి మూడు నెలలు ఒకే ప్రాంగణంలో, ప్రేక్షకులు లేకుండా, ప్రయాణాలు లేకుండా జరిగాయి. ఐదు నెలలు కష్టపడి సంపాదించుకున్న హోమ్ కోర్ట్ (సొంత ఊళ్లో ఎక్కువ మ్యాచ్‌లు ఆడే హక్కు) బూడిదలో పోసిన పన్నీరైంది. పైగా 35 ఏళ్ల ఆటగాడికి సీజన్ మధ్యలో నాలుగున్నర నెలల విశ్రాంతి. మామూలు ఏడాదిలో ఇవేవీ ఉండవు కదా? లేకర్స్ గెలవలేదని నేను అనడం లేదు. ఆ గెలుపు పక్కన చిన్న స్టార్ గుర్తు పెట్టి, ఇది మామూలు ఏడాది కాదని కింద ఒక వాక్యం రాయమంటున్నా.

ఊదాపసుపు:
వచ్చావా గురూ, నీ కోసమే చూస్తున్నా.

ఆట ఆగే నాటికి లేకర్స్ 49-14, అంటే 49 గెలుపులు, 14 ఓటములు. పశ్చిమ విభాగంలో మొదటి స్థానం. ఆగడానికి సరిగ్గా ముందు వారాంతంలో, మార్చి 6న బక్స్‌ని 113-103తో, 8న క్లిప్పర్స్‌ని 112-103తో ఓడించారు. అంటే లీగ్‌లో మిగిలిన రెండు పెద్ద జట్లనీ మూడు రోజుల్లో, నిండు ప్రేక్షకుల మధ్య. అప్పుడు బబుల్ అన్న మాటే లేదు.

ఇక విశ్రాంతి సంగతి. అది ఒక్క లెబ్రాన్‌కే ఇచ్చారా? కాలు విరిగి ఏడాదికి పైగా ఆడని యూసుఫ్ నుర్కిచ్ ఆ విరామం వల్లే పోర్ట్‌లాండ్ తరఫున దిగగలిగాడు. విశ్రాంతి అంత బాగా కలిసొస్తే బబుల్‌లో మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో మేం 3-5 ఎందుకు ఆడాం? తర్వాత ప్లేఆఫ్స్‌లో (ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టు ముందుకెళ్లే నాకౌట్ సిరీస్‌లు) 4-1, 4-1, 4-1, 4-2. మొత్తం 16-5. దీనికి నీ స్టార్ గుర్తు ఎక్కడ అతికిస్తావు?

కొత్తగావచ్చా:
అన్నా, నేను బాస్కెట్‌బాల్ చూడటం మొదలుపెట్టి రెండేళ్లే అయింది. బబుల్ బబుల్ అంటున్నారు, అసలు ఏం జరిగిందో ఎవరైనా మొదటి నుంచి చెప్తారా?

పాతబంతి:
చెప్తాను తమ్ముడూ, కాస్త పెద్దగానే రాస్తా.

2020 మార్చి 11 రాత్రి. ఓక్లహోమా సిటీలో థండర్, యూటా జాజ్ మ్యాచ్. ఆటగాళ్లు కోర్టులోకి వచ్చేశారు, బంతి పైకి ఎగరేయడమే తరువాయి. అంతలో థండర్ జట్టు డాక్టర్ పరుగెత్తుకుంటూ వచ్చి రిఫరీల చెవిలో ఏదో చెప్పాడు. రెండు జట్లనీ లోపలికి పంపేశారు. జాజ్ జట్టు సెంటర్ ఆటగాడు రూడీ గోబేర్‌కి కోవిడ్ అని తేలింది. ఇదే గోబేర్ రెండు రోజుల ముందు ప్రెస్‌మీట్ అయ్యాక, ఏం కాదులే అన్నట్టు, బల్ల మీదున్న మైకులన్నీ చేత్తో తాకి వెళ్లాడు. ఆ రాత్రే లీగ్ మొత్తం ఆపేశారు.

అదే సమయానికి అట్లాంటాలో హాక్స్, నిక్స్ ఆడుతున్నారు. విన్స్ కార్టర్‌కి అది 22వ సీజన్. నాలుగు దశాబ్దాల్లో ఆడినవాడు ఎన్‌బీఏ చరిత్రలో అతనొక్కడే. లీగ్ ఆగిపోతోందని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఓవర్‌టైమ్ చివరి సెకన్లలో, మ్యాచ్ చేజారిపోయాక, జనం అతని పేరు అరుస్తుంటే కోచ్ కోర్టులోకి పంపాడు. త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేశాడు, పడింది. నిక్స్ 136-131తో గెలిచారు. అదే అతని ఆఖరి షాట్ అయింది. ఎందుకంటే తర్వాత 30 జట్లలో 22 జట్లనే పిలిచారు, పిలవని ఎనిమిదిలో హాక్స్ ఒకటి. వీడ్కోలు సభ లేదు, పూలదండ లేదు. నాకు ఆ సీజన్ అనగానే కప్పు కన్నా ముందు ఆ త్రీ గుర్తొస్తుంది.

ఆ 22 జట్లనీ ఫ్లోరిడాలో ఆర్లాండో దగ్గరున్న డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్లి బయటి ప్రపంచంతో సంబంధం తెంచేశారు. అదే బబుల్. జులై 30న ఆట మళ్లీ మొదలైంది. తలో ఎనిమిది మ్యాచ్‌లు, తర్వాత ప్లేఆఫ్స్. మళ్లీ మొదలయ్యాక మొదటి బుట్ట వేసిందెవరో తెలుసా? గోబేరే. ఆ మ్యాచ్ గెలిపించిన ఫ్రీ త్రోలూ (ఫౌల్‌కి బదులుగా ఇచ్చే షాట్లు) అతనివే. ఇలాంటివి కథలో రాస్తే అతిగా ఉందని కొట్టేస్తారు.

సన్స్‌బాధితుడు:
మా సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పుకుంటా.

ఫీనిక్స్ సన్స్ 26-39తో బబుల్‌కి వచ్చింది. పిలవకపోయినా ఎవరూ అడగని రికార్డు. అక్కడ ఎనిమిదికి ఎనిమిది గెలిచాం. క్లిప్పర్స్ మీద డేవిన్ బుకర్ వెనక్కి తిరుగుతూ, ఇద్దరు మీదకి వస్తుంటే, గంట మోగే లోపు వేసిన షాట్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఎనిమిదికి ఎనిమిది గెలిచిన జట్టు ఇంకోటి లేదు.

అయినా ఇంటికే.

చివరికి 34-39. మెంఫిస్‌దీ అదే లెక్క, కానీ సమానమైనప్పుడు చూసే టైబ్రేక్ వాళ్లకి. ఇక ఒకటే దారి, ఆ సాయంత్రం బ్రూక్లిన్ చేతిలో పోర్ట్‌లాండ్ ఓడాలి. పోర్ట్‌లాండ్ 134-133తో ముందుంది. ఆఖరి బంతి బ్రూక్లిన్ కారిస్ లెవర్ట్ చేతిలో. వేశాడు. పడలేదు. మా సీజన్ మొత్తం మాది కాని మ్యాచ్‌లో, మావాడు కాని వాడి చేతిలో నుంచి జారిపోయింది.

స్టార్ గుర్తు పెడితే ముందు మాకు పెట్టండి మహాప్రభో.

నెట్‌చప్పుడు:
> ఎనిమిదికి ఎనిమిది గెలిచిన జట్టు ఇంకోటి లేదు

ఇదిగో, నా వాదనకి నువ్వే సాక్షివి! 26-39 జట్టు ఒక్కసారిగా 8-0 ఎలా అయింది? ఇండియానా టీజే వారెన్ తిరిగి ఆడిన మొదటి మ్యాచ్‌లోనే 53 పాయింట్లు ఎలా కొట్టాడు? పోర్ట్‌లాండ్ లిల్లార్డ్ 51, 61, 42 వరసగా మూడు మ్యాచ్‌ల్లో. డెన్వర్ జమాల్ మర్రీ ఒకే సిరీస్‌లో రెండు 50లు, అవతల యూటా మిచెల్ ఒక 57, ఒక 51. అది మామూలు బాస్కెట్‌బాలేనా?

షూటింగ్‌గార్డ్:
దీనికి నేను జవాబు చెప్పగలననుకుంటా. కాలేజీ, యూనివర్సిటీ జట్లకి ఆడాను, పెద్ద స్థాయి కాదు. కానీ షాట్ వేసేవాడి కంటికి ఏం కనిపిస్తుందో తెలుసు.

బోర్డు గాజుది. రింగ్ వైపు చూసినప్పుడు దాని వెనక ఏముందో కూడా కన్ను చూస్తుంది. పెద్ద స్టేడియంలో బోర్డు వెనక వంద అడుగుల లోతు, మెట్లు మెట్లుగా జనం, కదిలే చేతులు, మెరిసే ఫోన్లు. దూరం అంచనా వేయడానికి కంటికి ఆనవాలు దొరకదు. చిన్న ఇండోర్ హాల్లో రింగ్ వెనక గోడ దగ్గరగా ఉంటుంది. అక్కడ రింగ్ పెద్దదిగా, చేతికందేంత దగ్గరగా అనిపిస్తుంది. మేం మా హాల్లో వేసిన త్రీలు బయటి టోర్నమెంట్లకి వెళ్తే మొదటి అరగంట రింగ్ ముందు అంచుకి తగిలి వెనక్కొచ్చేవి. చెయ్యి అదే, కొలత అదే, కన్నుకి మాత్రం కుదిరేది కాదు.

బబుల్‌లో మూడే హాళ్లు. రోజూ అవే. అదే లైటింగ్, చుట్టూ పెద్ద స్క్రీన్లు, వాటి వెనక చీకటి. విమానం ఎక్కేది లేదు, తెల్లవారుజామున మూడింటికి వేరే ఊళ్లో హోటల్‌కి చేరేది లేదు, టైమ్ జోన్ మారేది లేదు. మామూలు సీజన్‌లో 41 మ్యాచ్‌లు పరాయి ఊళ్లలోనే కదా, వాటిలో సగం అలసట ప్రయాణానిదే. కాళ్లలో బలం ఉంటే త్రీ పడుతుంది, అంతే.

కాబట్టి స్కోర్లు పెరగడం వింతేమీ కాదు. కానీ నెట్‌చప్పుడు గారూ, ఆ రింగ్ ఇద్దరికీ ఒకటే కదా?

ఊదాపసుపు:
ఆఖరి వాక్యం ఫ్రేమ్ కట్టించి ఈ థ్రెడ్ పైన వేలాడదీయండి.

సరయు_హీట్:
మయామీ హీట్ అభిమానిని, ఫైనల్లో ఓడిపోయిన పక్షం. అసలైతే స్టార్ గుర్తు అడగాల్సింది నేనే. గోరన్ డ్రాగిచ్ ఫైనల్ మొదటి మ్యాచ్‌లోనే అరికాలి గాయంతో పోయి మళ్లీ ఆరో మ్యాచ్‌కి గానీ రాలేదు. బామ్ అడెబాయో రెండు మ్యాచ్‌లకి లేడు. అయినా నేను అడగను. ఎందుకంటే నేను ఐదో మ్యాచ్ చూశాను.

జిమ్మీ బట్లర్ ఆ రాత్రి 48 నిమిషాల్లో కూర్చున్నది 48 సెకన్లు. 35 పాయింట్లు, 12 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 11 అసిస్ట్‌లు (బుట్టకి దారితీసిన పాస్‌లు), 5 స్టీల్స్ (అవతలివాళ్ల నుంచి లాక్కున్న బంతులు). అంతకు ముందు మూడో మ్యాచ్‌లో ఒక్క త్రీ కూడా ప్రయత్నించకుండా 40 కొట్టాడు, త్రీల యుగంలో! ఐదో మ్యాచ్ చివర్లో ఫౌల్ గెలిచాక గీత బయట ఉన్న అడ్డు మీదకి ఒరిగి, రెండు చేతుల మధ్య తల పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. జనం లేరు కాబట్టి హోరు లేదు. ఆ తర్వాత లేచి నడిచొచ్చి రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. 109-108.

ప్రయాణం లేదు, విశ్రాంతి దొరికింది అంటున్నవాళ్లు ఆ ముఖం ఒకసారి చూడండి.

ఇంకో సంగతి. శరీరానికి సుఖమే కావచ్చు, మనసు మాటేమిటి? మొదటి రౌండ్ అయ్యేదాకా కుటుంబాల్ని రానివ్వలేదు. రోజూ పరీక్ష, ఎక్కడికెళ్లినా మాస్కు, నిబంధన తప్పినవాళ్ల మీద ఫోన్ చేసి చెప్పడానికి ప్రత్యేకంగా ఒక నంబర్. క్లిప్పర్స్ ఆటగాడు పాల్ జార్జ్ డల్లాస్‌తో సిరీస్‌లో షాట్లు పడక, చివరికి బయటికొచ్చి ఆందోళన, కుంగుబాటు తనని కమ్మేశాయని ఒప్పుకున్నాడు. లెబ్రాన్ అక్కడ ఉన్నది 95 రోజులు.

డెన్వర్‌డప్పు:
పాల్ జార్జ్ పేరెత్తారు కాబట్టి నేను వచ్చేశా :)

ఆయన బాధ నిజమే, దానిమీద జోకులు వేయను. కానీ క్లిప్పర్స్ జట్టు మీద వేసుకోవచ్చు. మా డెన్వర్ నగ్గెట్స్ మొదటి రౌండ్‌లో యూటా చేతిలో 3-1తో వెనకబడి గెలిచారు. ఏడో మ్యాచ్ 80-78, ఆఖర్లో మైక్ కాన్లీ త్రీ రింగ్‌లో సగం దిగి తిరిగి బయటికొచ్చింది. తర్వాత క్లిప్పర్స్ మీద మళ్లీ 3-1తో వెనకబడ్డాం. ఐదో మ్యాచ్‌లో వాళ్లకి 16 పాయింట్ల ఆధిక్యం, ఆరులో 19, ఏడులో 12. మూడూ పోగొట్టుకున్నారు. ఏడో మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో వాళ్ల స్టార్లు కవై, జార్జ్ ఇద్దరికీ కలిపి సున్నా. మర్రీకి 40, యోకిచ్‌కి 22 రీబౌండ్లు. ఒకే ప్లేఆఫ్స్‌లో రెండుసార్లు 3-1 నుంచి లేచిన జట్టు అంతకు ముందు లేదు.

ఇందులో చిన్న కొసమెరుపు ఉంది. ఆగస్టు 8న లిల్లార్డ్ రెండు ఫ్రీ త్రోలు వదిలేస్తే క్లిప్పర్స్ బెంచ్ మీద నుంచి చేతులూపి మరీ వెక్కిరించారు. ఆ పై మూడు మ్యాచ్‌లే 51, 61, 42. నవ్వినవాళ్లు కాన్ఫరెన్స్ ఫైనల్‌కి (తమ విభాగం ఫైనల్‌కి) కూడా చేరలేదు.

సన్స్‌బాధితుడు:
ఆ 42లో రెండు తగ్గినా మేం ఉండేవాళ్లం. థాంక్స్ క్లిప్పర్స్.

కొత్తగావచ్చా:
పాతబంతి గారూ, థాంక్యూ. వాళ్లంతా ఒప్పుకునే వెళ్లారా? నేనైతే మూడు నెలలు ఒకచోట బంధిస్తే వెళ్లను.

పాతబంతి:
జట్ల యజమానుల ఓటు 29-1. వద్దన్న ఆ ఒక్క జట్టూ పోర్ట్‌లాండ్. విచిత్రమేమంటే అక్కడికెళ్లి ఎక్కువ మెరిసింది వాళ్ల లిల్లార్డే. కొందరు ఆటగాళ్లు వెళ్లలేదు, లేకర్స్‌లో ఏవరీ బ్రాడ్లీ ఇంట్లోనే ఉండిపోయాడు.

డబ్బు సంగతి కూడా ఉంది. సీజన్ రద్దయితే టీవీ ఒప్పందాల సొమ్ము పోతుంది, ఆ నష్టం ఆటగాళ్ల మీదా పడుతుంది. అప్పటికే మే 15 నుంచి జీతాల్లో 25 శాతం ఆపుతున్నారు. కాబట్టి ఇష్టమా కాదా అన్నదానికి అంత చోటు లేదు.

స్టార్ గుర్తు గురించి ఒక పాత సంగతి చెప్పనా. 1999లో యజమానులకీ ఆటగాళ్లకీ మధ్య గొడవ తెగక సీజన్ 50 మ్యాచ్‌లకి కుదించారు. స్పర్స్ గెలిచారు. ఆ కప్పుకి స్టార్ గుర్తు ఉండాలని పేరున్న కోచ్ ఫిల్ జాక్సన్ దెప్పాడు. తర్వాత ఏళ్ల తరబడి ఆ మాట నడిచింది. స్పర్స్ ఏం చేశారు? 2003, 2005, 2007, 2014లో మళ్లీ గెలిచారు. ఇప్పుడు 1999 గురించి ఎవరూ మాట్లాడరు. స్టార్ గుర్తు పెట్టేదీ తీసేసేదీ ఆ తర్వాత ఏళ్లే.

నెట్‌చప్పుడు:
> స్టార్ గుర్తు పెట్టేదీ తీసేసేదీ ఆ తర్వాత ఏళ్లే

పాతబంతి గారూ, మంచి మాట. మరి ఆ లెక్కనే చూద్దాం. లేకర్స్ 2021లో మొదటి రౌండ్‌లోనే సన్స్ చేతిలో 4-2తో ఇంటికి. మయామీని అదే ఏడాది మొదటి రౌండ్‌లో బక్స్ 4-0 తుడిచేశారు. బబుల్ ఫైనల్ ఆడిన రెండు జట్లూ మరుసటి ఏడాది ఒక్క సిరీస్ గెలవలేదు. బబుల్‌లో మయామీ చేతిలో 4-1తో ఓడిపోయిన బక్స్ మాత్రం జనం మధ్య కప్పు కొట్టారు.

ఊదాపసుపు:
ఫైనల్ అయిన 72 రోజులకే, డిసెంబర్ 22న, కొత్త సీజన్ మొదలెట్టారు బాబూ. దానికి తోడు ఆంథనీ డేవిస్ గాయపడ్డాడు. 2020లో విశ్రాంతి ఎక్కువైందన్నావు, 2021లో తక్కువైనప్పుడు మాట్లాడవు. ఆ లెక్కన 2021 కప్పుకీ స్టార్ గుర్తు పెడదామా?

సన్స్‌బాధితుడు:
పెడదాం. ఫైనల్లో 2-0 ఆధిక్యం నుంచి 4-2తో ఓడింది మేమే కాబట్టి నా ఓటు ఖాయం.

డెన్వర్‌డప్పు:
నెట్‌చప్పుడు గారూ, ఒక్క ఏడాదే చూస్తే ఎలా? 2023కి రండి.

బబుల్‌లో కాన్ఫరెన్స్ ఫైనల్స్ ఆడిన నాలుగు జట్లు: లేకర్స్, నగ్గెట్స్, హీట్, సెల్టిక్స్. 2023లో కాన్ఫరెన్స్ ఫైనల్స్ ఆడిన నాలుగు జట్లు: లేకర్స్, నగ్గెట్స్, హీట్, సెల్టిక్స్. జతలు కూడా అవే. 82 మ్యాచ్‌లు, నిండు స్టేడియాలు, విమానాలు, అన్నీ ఉన్నాయి. మూడేళ్ల తర్వాత అవే నాలుగు మళ్లీ తేలాయి. బబుల్ అంత గాలివాటం అయితే ఇది ఎలా కుదిరింది?

(ఈసారి లేకర్స్‌ని మేం 4-0 కొట్టి, ఫైనల్లో హీట్‌ని 4-1 కొట్టాం. ఊదాపసుపు అన్నకి గుర్తు చేయకుండా ఉండలేకపోతున్నా.)

ఊదాపసుపు:
మొదటి పేరా చదివి లైక్ కొట్టా. రెండోది చదివాక వెనక్కి తీసుకున్నా.

నెట్‌చప్పుడు:
హ్మ్. 2023 సంగతి నాకు తట్టలేదు. ఇది ఆలోచించాల్సిందే.

బాల్‌బాయ్:
ఆటంతా మాట్లాడుతున్నారు కానీ అసలు ఆగస్టు 26న ఆట ఆగిపోయింది కదా. దాని మాటే లేదేంటి? ఆ రోజు మ్యాచ్ కోసం కూర్చున్నా. ఆర్లాండో మ్యాజిక్ జట్టు వాళ్లు వార్మప్ చేస్తున్నారు, అవతల బక్స్ వైపు ఖాళీ. గడియారం సున్నాకి వచ్చింది. ఎవరూ రాలేదు. కాసేపటికి మ్యాజిక్ కూడా లోపలికి వెళ్లిపోయారు. టీవీలో ఖాళీ కోర్టు, దాని మీద "నల్లజాతి ప్రాణాలు విలువైనవే" అని పెద్ద అక్షరాలు.

ముక్కుసూటి:
రాజకీయాలు ఇక్కడ వద్దు బ్రో. ఆట గురించి మాట్లాడుకుందాం.

వేదికనిర్వాహకుడు:
సీజన్‌లో జరిగినదాన్ని చెప్పుకోవడం రాజకీయం కిందికి రాదు. ఈ సంగతి తీసేస్తే మూడు రోజులు మ్యాచ్‌లు ఎందుకు లేవో చెప్పలేం. వ్యక్తుల్ని తిట్టనంతవరకు రాయండి.

సరయు_హీట్:
మిల్వాకీకి దగ్గర్లోని కెనోషాలో ఆగస్టు 23న జేకబ్ బ్లేక్ అనే నల్లజాతి యువకుడి మీద పోలీసు కాల్పులు జరిగాయి. బక్స్ వాళ్ల రాష్ట్రమే అది. ఆ రోజు వాళ్లు లాకర్ రూమ్‌లోంచి బయటికి రాలేదు, మిగతా మ్యాచ్‌లూ ఆగాయి. సీజన్ మొత్తం అక్కడే వదిలేసి వెళ్లిపోదామన్నంతవరకు వెళ్లిందని వార్తలొచ్చాయి. 29న మళ్లీ మొదలెట్టారు. జట్ల స్టేడియాల్ని ఎన్నికల్లో పోలింగ్ కేంద్రాలుగా వాడుకోనివ్వాలన్నది అప్పుడు కుదిరిన ఒప్పందంలో ఒక ముక్క.

అదే సమయంలో అమ్మాయిల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ కూడా ఫ్లోరిడాలోనే బ్రాడెంటన్‌లో ఇంకో బబుల్‌లో ఆడింది, 22 మ్యాచ్‌ల సీజన్. సియాటిల్ స్టార్మ్ ఫైనల్ 3-0తో గెలిచారు. దానికి స్టార్ గుర్తు పెట్టమని ఒక్కరూ అడగలేదు, గమనించారా? అడగాలంటే ముందు చూడాలి కదా.

షూటింగ్‌గార్డ్:
చివరి వాక్యానికి నా దగ్గర జవాబు లేదు. నేనూ చూడలేదు.

పాతబంతి:
ఈ సీజన్‌ని బబుల్‌తోనే గుర్తుపెట్టుకోవడం నాకు నచ్చదు. దానికి ముందే ఎన్నో జరిగాయి. అక్టోబర్ 4, 5 తేదీల్లో ఇండియానా, శాక్రమెంటో ముంబైకి వచ్చి ప్రీ-సీజన్ ఆడాయి. మన దేశంలో జరిగిన మొదటి ఎన్‌బీఏ మ్యాచ్‌లు అవే. మొదటిది ఓవర్‌టైమ్‌కి వెళ్లి 132-131తో ఇండియానా గెలిచింది, స్టాండ్స్ నిండా స్కూలు పిల్లలు. అదే అక్టోబర్ 4న హ్యూస్టన్ జనరల్ మేనేజర్ డారిల్ మోరే హాంకాంగ్ నిరసనకారులకి మద్దతుగా ఒక ట్వీట్ పెట్టాడు, చైనా ప్రభుత్వ టీవీ ఎన్‌బీఏని ఆపేసింది. ఒకే రోజు ఒక పెద్ద దేశంలో తలుపు తెరుచుకుంది, ఇంకో పెద్ద దేశంలో మూసుకుంది. చైనా టీవీ మళ్లీ చూపించింది ఏడాది తర్వాత, సరయు చెప్పిన ఆ ఐదో మ్యాచ్‌నే.

జనవరి 1న ఎన్‌బీఏ మాజీ కమిషనర్ డేవిడ్ స్టర్న్ పోయాడు. 25న ఫిలడెల్ఫియాలో లెబ్రాన్ మొత్తం పాయింట్ల పట్టికలో లేకర్స్ పాత దిగ్గజం కోబీ బ్రయంట్‌ని దాటాడు. మర్నాడే హెలికాప్టర్ ప్రమాదం. కోబీ, కూతురు జియానా, మొత్తం తొమ్మిదిమంది పోయారు.

ఊదాపసుపు:
దీని గురించి జోకులు లేకుండా ఒక మాట.

కోబీ డిజైన్ చేసిన బ్లాక్ మాంబా జెర్సీ, పాము చర్మం గీతలతో నల్లటిది. ప్లేఆఫ్స్‌లో, ఫైనల్ ఐదో మ్యాచ్ ముందు వరకు, మా వాళ్లు అది వేసుకున్నప్పుడల్లా గెలిచారు. డెన్వర్ మీద రెండో మ్యాచ్‌లో డేవిస్ గంట మోగుతుండగా త్రీ వేసి "కోబీ!" అని అరిచింది అందులోనే. ఫైనల్ 3-1 కాగానే ఐదో మ్యాచ్‌కి అదే వేసుకున్నారు. ఆ జెర్సీలోనే కప్పు ఎత్తాలని.

ఆఖరి క్షణాలు, ఒక్క పాయింట్ వెనక. లెబ్రాన్ లోపలికి దూసుకెళ్తే డిఫెండర్లంతా అతని చుట్టూ మూగారు. బంతి బయటికి, డానీ గ్రీన్‌కి. చుట్టూ ఎవరూ లేరు. అంత ఖాళీ త్రీ ఫైనల్లో దొరకదు. కొంచెం పొట్టిగా వేశాడు, రింగ్ ముందు అంచుకి తగిలింది. రీబౌండ్ మా మోరిస్‌కి దొరికితే దాన్ని కోర్టు బయటికి విసిరేశాడు. 111-108. ఆ ప్లేఆఫ్స్‌లో ఆ జెర్సీతో అదొక్కటే ఓటమి. రెండు రోజుల తర్వాత మామూలు పసుపు జెర్సీలో 106-93తో గెలిచి కప్పు తీసుకున్నారు. 17వది, అప్పటికి సెల్టిక్స్‌తో సమానం.

ఆ షాట్ ఎందుకు పొట్టిగా పడిందో చెప్పు షూటింగ్‌గార్డ్. గోడ దగ్గరగానే ఉందిగా?

షూటింగ్‌గార్డ్:
గోడ కన్నుకే సాయం చేస్తుంది అన్నా, మోకాళ్లకి కాదు. గ్రీన్ ఆ సిరీస్‌లో తుంటి నొప్పితో ఆడుతున్నాడు. పైగా బంతి కొంచెం కిందికి వచ్చింది, వంగి అందుకుని లేవాల్సి వచ్చింది. నేనైతే బోర్డుకి కూడా చేర్చేవాణ్ని కాదు.

నెట్‌చప్పుడు:
సరే, రాత్రంతా ఆలోచించి వచ్చా.

2023 జట్ల సంగతికి నా దగ్గర జవాబు లేదు. రింగ్ ఇద్దరికీ ఒకటే అన్నదీ ఒప్పుకుంటున్నా. కానీ హోమ్ కోర్ట్ విషయంలో మెట్టు దిగను. ఆట ఆగే నాటికి బక్స్ 53-12తో లీగ్ మొత్తం మీద ముందుంది. వాళ్లకి ఏడో మ్యాచ్ ఇంట్లో ఆడే హక్కు ఉండింది, దాన్ని లాగేసుకున్నారు.

సరయు_హీట్:
బక్స్ మా మీద ఏడో మ్యాచ్ దాకా వస్తే కదా అన్నా? ఐదింటికే ముగిసింది. వాళ్ల స్టార్ యానిస్ చీలమండ మడతపడింది, అది నిజం. దానికి హోమ్ కోర్ట్ ఏం చేస్తుంది? ఇంకా చెప్పాలంటే ఇల్లు అనే సుఖం పోయింది మొదటి స్థానంలో ఉన్న లేకర్స్‌కి కూడా. నష్టపోయినవాడే గెలిస్తే గుర్తు ఎవరికి పెడతావు?

నెట్‌చప్పుడు:
మూడున్నరని మూడు ముప్పావు చేస్తున్నా. ఇంతకన్నా ఒక్క పైసా పెంచను.

ఊదాపసుపు:
ఆ పావు నీ దగ్గరే ఉంచుకో, వడ్డీతో వసూలు చేస్తా.

కొత్తగావచ్చా:
ఇప్పుడే ఐదో మ్యాచ్ చూసొచ్చా. బట్లర్ ఆ అడ్డు మీద ఒరిగినప్పుడు రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఆయన గురించి వెతుకుతుంటే బబుల్‌లో హోటల్ గదిలోనే కాఫీ కాచి తోటి ఆటగాళ్లకి 20 డాలర్లకి అమ్మాడని కనిపించింది. ఇది నిజమేనా, లేక ఎవరైనా పుట్టించారా?

సరయు_హీట్:
నిజమే. తలుపు మీద ధరల కాగితం కూడా అంటించాడు. చిన్న కప్పైనా, పెద్ద కప్పైనా అదే రేటు.